డబ్బాపాలు కలిపితే పసికందు ప్రేగులలో జరిగేదేమిటి?

సుశ్రుతుడు బాల్యాన్ని క్షీరప, క్షీరాన్నాద, అన్నాద దశలుగా విభజించాడు. మొదటి దశలో పాలే శిశువుకు సర్వస్వం. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వంటి పేటలలో ఉద్యోగినులైన తల్లులను ఒక సందేహం వేధిస్తూ ఉంటుంది: సెలవు ముగిసిన తరువాత పగలు డబ్బాపాలు, రాత్రి తల్లిపాలు ఇస్తే బిడ్డకు హాని కలుగుతుందా?

తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వుల తరువాత అధికంగా ఉండే ఘనపదార్థం ఒలిగోశాకరైడ్లనే ప్రత్యేకమైన చక్కెరలు. శిశువు వీటిని జీర్ణించుకోలేడు. ఇవి పెద్దప్రేగుకు చేరి, బిఫిడో బాక్టీరియా అనే మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. ఆ జీవులు ఆమ్లాలను పుట్టిస్తాయి. ఆ పులుపులో అనేక హానికర క్రిములు వృద్ధి చెందలేవు.

డబ్బాపాలు కలిపినప్పుడు బిఫిడో జీవుల వాటా తగ్గి, పెద్దల ప్రేగులలో ఉండే ఇతర జాతులు ముందుగానే ప్రవేశిస్తాయి. అయినను మిశ్రమ పోషణ పొందే శిశువుల స్థితి సాధారణంగా రెండింటికీ నడుమ ఉంటుంది. తల్లి ఇచ్చే ప్రతి పాలపూటా ఆ చక్కెరలను, రోగనిరోధక పదార్థాలను అందిస్తూనే ఉంటుంది. కనుక "ఎలాగూ కలిపాము కదా" అని తల్లిపాలు మాన్పించడం పెద్ద పొరపాటు. బిడ్డ చప్పరించడం తగ్గిన కొద్దీ పాల ఉత్పత్తి కూడా తగ్గుతుంది.

మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం ఉత్తమం. ఇంట లేనప్పటికై పాలు పిండి, శుభ్రమైన మూతపాత్రలో ఫ్రిజ్‌లో ఉంచితే నాలుగు రోజుల వరకు వాడవచ్చు. బయట 25 డిగ్రీలు మించని చోట నాలుగు గంటలే నిలువ ఉంటాయి. మన వేసవిలో వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి. వాడే ముందు పాత్రను గోరువెచ్చని నీటిలో ఉంచాలి, పాలను మరిగించరాదు. ఉగ్గుగిన్నెతో పట్టడం మేలు. డబ్బాపాలు తప్పనిసరి అయితే చెప్పిన కొలత ప్రకారమే కలపాలి. పొదుపు కోసం పలుచన చేయరాదు.

నెలలు నిండక పుట్టి, తల్లిపాలు చాలని శిశువులకై నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో 'ధాత్రి' తల్లిపాల బ్యాంకు ఏర్పడింది. ఇటువంటి బ్యాంకులలో దానమిచ్చిన పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేస్తారు. క్రిములు నశిస్తాయి, ఆ చక్కెరలు మాత్రం నిలుస్తాయి.

పెద్దలు ప్రేమతో నాకించే తేనె ఏడాది నిండేవరకు వద్దు. దానివల్ల ప్రమాదకరమైన బోటులిజం వ్యాధి రావచ్చు. వసకొమ్ము, పంచదార నీళ్ళు కూడా ఆరు నెలల లోపు అనవసరం. మలంలో రక్తం, జ్వరం, పాలు త్రాగకపోవడం కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి.

తప్పనిసరి అయినప్పుడు కలపండి. తల్లిపాలు మాత్రం మాన్పించకండి.