పసినక్షత్రము చెంత గ్రహము

రాత్రివేళ ఎదురుగా వచ్చు లారీ దీపముల ప్రక్కన నడచువాడు మనకు కానరాడు. నక్షత్రముల చెంతనున్న గ్రహములను చూడబోవువారికిని ఇదియే చిక్కు. అందుచేత శాస్త్రజ్ఞులు పసినక్షత్రములను ఎన్నుకొనుచున్నారు. క్రొత్తగా పుట్టిన గ్రహము కొలిమినుండి తీసిన ఇనుపముద్దవలె వేడిగానుండి, కంటికగపడని పరారుణ కిరణములను వెదజల్లును. వానిని పట్టు దూరదర్శినులు మనకున్నవి.

సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరములు. 63 కాంతిసంవత్సరముల దూరముననున్న బీటా పిక్టోరిస్ అను నక్షత్రమునకు రెండుకోట్లే. నక్షత్రముల లెక్కలో అది ఉగ్గుపాల వయస్సు! చిలీ దేశమున పరానాల్ కొండమీది దూరదర్శినితో 2003లో తీసిన చిత్రములలో దాని ప్రక్క నొక చుక్క యున్నట్లు, ఫ్రాన్సు శాస్త్రజ్ఞురాలు ఆన్ మరీ లగ్రాంజ్ బృందమువారు 2008లో ప్రకటించిరి. అది గ్రహమా, లేక వెనుక నెంతో దూరముననున్న వేరొక నక్షత్రమా? 2009 మొదట చూడగా చుక్క మాయమైనది. వారి మనస్సు లెట్లుండెనో! ఆ సంవత్సరాంతమున నక్షత్రమునకు ఆవలిప్రక్క అది మరల కనబడినది. వెనుకనున్న నక్షత్రమైనచో అట్లు ప్రక్క మారదు. ఇది చుట్టు తిరుగుచున్నది.

ఐనను తిరుగునదెల్ల గ్రహము కాదు. గురుగ్రహమునకు 13 రెట్లు మించిన ద్రవ్యరాశి యుండియు, నక్షత్రమువలె హైడ్రోజనును మండింపలేని గోళములను గోధుమ మరుగుజ్జులందురు. బీటా పిక్టోరిస్ చెంతనున్నది గురునికి సుమారు పదిరెట్లు. ఆ గీటుకు ఇవతలనే నిలిచినది.