లిథియం మందు వాడేవారికి వేసవి జాగ్రత్తలు
మనోస్థితి తీవ్రంగా మారిపోయే బైపోలార్ వ్యాధికి లిథియం ముఖ్యమైన మందు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని ప్రభావాన్ని వెల్లడించారు. అయితే మేలు చేసే మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ. రక్తంలో ఇది సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉండాలి. 1.5 దాటితే విష లక్షణాలు మొదలవుతాయి.

లిథియం దాదాపు పూర్తిగా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. మూత్రపిండాలు దీన్ని సోడియంలాగే చూస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని చరోదా రైల్వే యార్డులోనో, భిలాయ్ ఉక్కు కర్మాగారంలోనో వేడిలో పనిచేసేవారికి చెమటతో నీరు, ఉప్పు పోతాయి. అప్పుడు మూత్రపిండాలు సోడియంతో పాటు లిథియాన్నీ వెనక్కి తీసుకుంటాయి. మాత్ర అదే అయినా రక్తంలో మోతాదు పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు అయినప్పుడు, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాడినప్పుడు కూడా ఈ ముప్పు ఉంటుంది.

చేతులు బాగా వణకడం, నడకలో తూలడం, మాట తడబడడం, మగత కనిపిస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏళ్ల తరబడి వాడితే థైరాయిడ్ మందగించవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుకే 3 నుంచి 6 నెలలకోసారి రక్తపరీక్ష అవసరం. అలాగని ఏ లక్షణమూ లేకుండా, భయంతో మందు మానేయకూడదు. హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది.