తొలి చూపు తప్పితే

అంటువ్యాధులపై నిఘా ప్రభుత్వ కార్యాలయంలో కాక రోగి మంచం పక్కనే మొదలవుతుంది

2001 జనవరి. ఉత్తర బెంగాల్‌లోని సిలిగురి పట్టణంలో కొందరికి తీవ్రమైన జ్వరం వచ్చింది. తలనొప్పితో, ఒళ్లునొప్పులతో ఆరంభమైన ఆ జబ్బు రోజుల వ్యవధిలోనే రోగిని స్పృహ తప్పే స్థితికి చేర్చేది. ఆసుపత్రిలో చేరినవారికి వైద్యులు తమకు తెలిసిన చికిత్స చేశారు. బంధువులు రాత్రింబవళ్లు పక్కనే కూర్చుని సేవ చేశారు. కొద్ది రోజులకు భయంకరమైన సంగతి ఒకటి బయటపడింది. సేవ చేసినవారే ఒకరి తరువాత ఒకరు మంచాన పడసాగారు. ఫిబ్రవరి ముగిసేనాటికి 66 మంది జబ్బుపడగా వారిలో 45 మంది మరణించారు. జబ్బుపడిన ప్రతి నలుగురిలో ముగ్గురికి ఆసుపత్రితో ఏదో ఒక సంబంధం ఉన్నది. కొందరు అక్కడి ఉద్యోగులు, కొందరు వేరే జబ్బుతో చేరినవారు, మరికొందరు రోగులను పరామర్శించ వచ్చినవారు.

ఆ మృత్యువు పేరేమిటో ఆనాడు ఎవరికీ తెలియలేదు. భద్రపరచిన నమూనాలను తరువాతి కాలంలో పరీక్షించినప్పుడు అది నిపా వైరస్ అని తేలింది. ఆ పరిశోధన ఫలితం అచ్చులో వెలువడేసరికి 2006 వచ్చింది. 1998-99లో మలేషియాలో పందుల పెంపకందారులలో మొదటిసారి కనిపించిన ఈ వైరస్ పండ్లు తినే గబ్బిలాలలో నివసిస్తుంది. అది భారతదేశంలో అడుగుపెట్టిన సంగతి మనకు తెలియడానికి అయిదేళ్లు పట్టింది.

పదిహేడేళ్ల తరువాత అదే వైరస్ దేశంలోని మరొక మూల, కేరళలోని కోజికోడ్ జిల్లాలో ప్రత్యక్షమైంది. 2018 మే 5న పేరాంబ్ర ప్రాంతపు యువకుడొకడు మెదడువాపు లక్షణాలతో మరణించాడు. కారణం తేలలేదు. ఏటా ఎందరో మెదడువాపుతో మరణించే దేశంలో అది కూడా ఒక సంఖ్యగా మిగిలిపోయేదే. కాని పన్నెండు రోజులకు అతని సోదరుడు అవే లక్షణాలతో నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వచ్చాడు. అక్కడి వైద్యులు రోగిని పరీక్షించడంతో ఆగలేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా అని అడిగారు. ఒకే కుటుంబంలో ఇద్దరికి వరుసగా మెదడువాపు రావడం, మరికొందరు జ్వరంతో ఉండడం వారికి సహజంగా తోచలేదు. వెంటనే నమూనాలను కర్ణాటకలోని మణిపాల్ పరిశోధనశాలకు పంపారు. మే 20 నాటికి పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ కూడా అది నిపాయేనని ధ్రువపరచింది.

అప్పటికే జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయింది. మొదటి రోగి చికిత్స పొందిన ఆసుపత్రులలోనే వైరస్ ఇతరులకు సోకింది. అతనికి సేవ చేసిన ఒక యువ నర్సు మే 21న కన్నుమూసింది. పరిశోధకులు లెక్కించిన 23 మంది రోగులలో ఇద్దరు మాత్రమే బతికి బయటపడ్డారు. అయితే జబ్బు పేరు తెలిసిన మరుక్షణం నుంచి కథ మారింది. రోగులతో మెలగిన రెండు వేలమందికి పైగా మనుషులను గుర్తించి, వారి ఆరోగ్యాన్ని దినదినమూ గమనించారు. వ్యాప్తి ఆగిపోయింది. 2019 జూన్‌లో ఎర్నాకుళంలో ఒక విద్యార్థికి నిపా సోకినప్పుడు వెంటనే గుర్తించి వేరుగా ఉంచారు. అతడు కోలుకున్నాడు. మరొకరికి సోకలేదు.

సిలిగురిలోనూ కోజికోడ్‌లోనూ వైరస్ ఒకటే. రెండుచోట్లా రోగులకు సేవ చేసినవారి అంకితభావంలో లోపం లేదు. ఉన్న భేదమల్లా ఒక వైద్యుడు సరైన సమయంలో సరైన ప్రశ్న అడగడంలో ఉన్నది. ప్రజారోగ్య శాస్త్రం దీనిని రోగ నిఘా అంటుంది. రోగి దీనిని మంచి వైద్యం అంటాడు. నిజానికి ఈ రెండూ వేరు కావు.

గాలింపు నేర్పిన పాఠం

రోగ నిఘా అంటే జబ్బుల లెక్కలు రాసి దాచుకోవడమని చాలామంది అభిప్రాయం. లెక్క అందులో ఒక భాగం మాత్రమే. సమాచారం సేకరించడం, దానిని విశ్లేషించడం, చర్య తీసుకోగలిగిన వారికి అందజేయడం, ఈ మూడూ కలిస్తేనే అది నిఘా అవుతుంది.

ఈ సత్యాన్ని దేశానికి మొదట నేర్పినది మశూచి. దశాబ్దాల తరబడి టీకాలు వేస్తున్నా మశూచి పోలేదు. ఎక్కడ జబ్బు ఉన్నదో అధికారులకు తెలిసేసరికి అది పక్క ఊరికి పాకిపోయేది. 1973లో వ్యూహం మార్చారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, మశూచి బొమ్మ ఉన్న కార్డు చూపించి, ఇటువంటి రోగి ఎక్కడైనా ఉన్నాడా అని అడిగారు. అంతవరకు కాగితాలమీద వందలలో ఉన్న కేసులు ఈ గాలింపుతో వేలకు చేరాయి. రోగం హఠాత్తుగా పెరగలేదు. కనబడని రోగం కనబడింది, అంతే. 1974లో దేశంలో నమోదైన కేసులు 1,88,000కు చేరినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది. కాని రోగిని కనుగొన్నచోటల్లా చుట్టుపక్కల వారికి టీకాలు వేస్తూ పోగా 1975 మే 24న అస్సాంలోని కరీంగంజ్‌లో కనిపించిన రోగితో దేశంలో మశూచి చరిత్ర ముగిసింది. కేసులు తగ్గేకొద్దీ, కొత్త రోగిని చూపినవారికి ఇచ్చే బహుమానం పెంచుతూ పోయారు. అది చివరకు 1,000 రూపాయలకు చేరింది. దేశం మశూచి నుంచి విముక్తి పొందినట్లు 1977 ఏప్రిల్‌లో అంతర్జాతీయ సంఘం ప్రకటించింది.

సంఖ్య పెరిగిందని కలవరపడినవారు ఆ గాలింపును మధ్యలో ఆపివేసి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. మంచి నిఘా ఏర్పడిన తొలినాళ్లలో జబ్బులు పెరిగినట్లు కనిపించడం సహజం. కేసులు ఎక్కువగా చూపిన జిల్లాను మందలించి, ఏమీ లేదని రాసిన జిల్లాను మెచ్చుకునే అలవాటు నిఘాకు ప్రబల శత్రువు.

వెల్లూరు పోస్టుకార్డులు

మశూచి గాలింపుకు వేలాది సిబ్బంది, ప్రత్యేక నిధులు అవసరమయ్యాయి. అటువంటి సైన్యాన్ని ప్రతి జబ్బుకూ నడపడం సాధ్యం కాదు. నిత్యమూ పనిచేసే నిఘాకు ఏది ఆధారం? ఈ ప్రశ్నకు 1980వ దశకంలో ఒక సమాధానం చిత్తూరు జిల్లాను ఆనుకొని ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాలో లభించింది.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వైరస్ శాస్త్రవేత్త డాక్టర్ టి. జేకబ్ జాన్, ఆయన సహచరులు ఒక చిన్న సంగతిని గుర్తించారు. జ్వరం వచ్చిన మనిషి మొదట వెళ్లేది తరచుగా ప్రైవేటు డాక్టరు దగ్గరకు. ప్రభుత్వ లెక్కలలో ఆ డాక్టరుకు చోటే లేదు. అందుచేత వారు ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులకు భేదం లేకుండా పోస్టుకార్డులు పంచారు. ఎంపిక చేసిన కొన్ని జబ్బులలో ఏదైనా ఉన్నట్లు అనుమానం కలిగితే చాలు, ఆ వివరాలు కార్డుమీద రాసి తపాలా పెట్టెలో వేయవలసిందని కోరారు. పరీక్షల ఫలితం కోసం ఎదురుచూడనక్కరలేదు. నిర్ధారణ తరువాత చేసుకోవచ్చు.

వచ్చిన కార్డులు దస్త్రాలలో మూలగలేదు. ఒకే ప్రాంతం నుంచి ఒకే జబ్బు గురించి కార్డులు వస్తే జిల్లా ఆరోగ్య అధికారులకు వెంటనే కబురు వెళ్లేది. అంతకంటె ముఖ్యంగా, జిల్లాలో ఏ జబ్బులు ఎక్కడ ఉన్నవో తెలిపే చిన్న పత్రిక నెలనెలా కార్డులు రాసిన వైద్యులకు చేరేది. జిల్లా పేరులోని ఇంగ్లీషు అక్షరాలతో కూర్చిన ఆ పథకం పేరు ‘నది’ అని ధ్వనించేది. సమాచారం రెండువైపులా ప్రవహించడమే దాని ప్రాణం. తాను రాసిన కార్డువల్ల ఒక ఊళ్లో బావి శుభ్రపడిందని, టీకాలు వేశారని తెలిసిన వైద్యుడు రెండవ కార్డు రాస్తాడు. జవాబు రాని ఉత్తరాలను ఎవరూ ఎక్కువకాలం రాయరు. 1998లో లాన్సెట్ వైద్య పత్రిక ఈ జిల్లా పద్ధతిని వర్ధమాన దేశాలకు నమూనాగా ప్రచురించింది. తరువాత కేరళలోని కొట్టాయం జిల్లా కూడా దీనిని అనుసరించింది.

లేదని నిరూపించడం

జబ్బు ఉన్నదని చెప్పడానికి ఒక రోగి చాలు. లేదని చెప్పడం ఎలా? 1997లో ఆరంభమైన జాతీయ పోలియో నిఘా పథకం ముందున్న ప్రశ్న ఇది. కొత్తగా కాలో చెయ్యో చచ్చుపడిన పదిహేనేళ్ల లోపు పిల్లవాడు ఏ వైద్యుని కంటబడినా, అది పోలియో కాదని ఆ వైద్యునికి తోచినా, కబురు చేయవలసిందే. పక్షవాతం కనిపించిన 14 రోజులలోగా, కనీసం 24 గంటల వ్యవధితో రెండు మలం నమూనాలు సేకరించాలి. ఆలస్యమైతే మలంలో వైరస్ తగ్గిపోతుంది. మంచుపెట్టెలో చల్లగా పంపకపోతే దారిలోనే నశిస్తుంది.

పోలియోతో నిమిత్తం లేకుండా కూడా పిల్లలలో ఇటువంటి పక్షవాతం కొంత సహజంగా వస్తూనే ఉంటుంది. ఏడాదికి లక్షమంది పిల్లలకు కనీసం ఒకటైనా అటువంటి కేసు నమోదు కాకపోతే, ఆ జిల్లాలో జబ్బు లేదని కాదు, చూసే కన్ను లేదని అర్థం. నిఘా తన నాణ్యతను తానే కొలుచుకున్న పద్ధతి ఇది. 2009లో 741 పోలియో కేసులు ఉన్న దేశంలో 2010లో 42 మాత్రమే కనిపించాయి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో జబ్బుపడిన పాపతో ఆ వరుస ముగిసింది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ప్రకటించినప్పుడు ప్రపంచం ఆ మాటను విశ్వసించింది. వైద్యులు చేసిన వేలాది కబుర్లే అందుకు సాక్ష్యం.

రోగుల వేషంలో వచ్చినవారు

ఇంతవరకు చెప్పినదంతా ఒక నమ్మకంపై ఆధారపడి ఉన్నది. రోగిని చూసిన వైద్యుడు జబ్బును అనుమానించగలడన్నదే ఆ నమ్మకం. అది ఎంతవరకు నిజం?

దీనిని తేల్చడానికి ఆర్థిక శాస్త్రవేత్త జిష్ణు దాస్, ఆయన సహచరులు ఒక విశిష్టమైన మార్గం ఎంచుకున్నారు. సామాన్యులకు శిక్షణ ఇచ్చి, రోగుల వేషంలో క్లినిక్‌లకు పంపారు. ఢిల్లీలో క్షయవ్యాధిపై జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. వారాల తరబడి దగ్గు తగ్గడం లేదని చెప్పిన ఈ ‘రోగుల’ 250 సందర్శనలలో సరైన పద్ధతిలో వైద్యం జరిగినవి 52 మాత్రమే. అంటే అయిదింట ఒకటి. మధ్యప్రదేశ్ గ్రామాలలో జరిపిన మరొక పరిశీలనలో ఒక్కొక్క రోగికి దక్కిన సమయం సగటున నాలుగు నిమిషాలకు లోపే. అన్నింటికంటె ఆలోచింపజేసే విషయం వేరొకటి ఉన్నది. ఇటువంటి రోగి వస్తే ఏం చేస్తారని నేరుగా అడిగినప్పుడు చాలామంది వైద్యులు సరైన జవాబే చెప్పారు. తెలిసిన దానికి, చేసిన దానికి మధ్య దూరం ఉన్నది.

దగ్గు మందుతో తిరిగి ఇంటికి వెళ్లిన క్షయరోగి ఆనాటికి ఏ రిజిస్టరులోనూ లేడు. అతనికి నష్టం ఒకటి, అతని దగ్గుతో ఇంటిల్లిపాదికీ పొంచి ఉన్న అపాయం మరొకటి. ప్రైవేటు వైద్యులు కూడా క్షయ రోగుల వివరాలు తెలియజేయాలని 2012లో ప్రభుత్వం ఆదేశించింది. కాని గుర్తించని రోగిని ఎవరు మాత్రం ఎలా తెలియజేయగలరు? మరణం తరువాత కూడా ఈ చీకటి తొలగడం లేదు. 2020లో దేశంలో నమోదైన మరణాలలో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి సుమారు 22.5 శాతమే.

కార్డు మారినా

2004లో సమీకృత రోగ నిఘా పథకం ఆరంభమైన తరువాత ప్రతి జిల్లాకూ ఒక వ్యవస్థ ఏర్పడింది. గ్రామ ఆరోగ్య కార్యకర్త లక్షణాలను, వైద్యుడు తన అనుమానాన్ని, పరిశోధనశాల తన నిర్ధారణను వేర్వేరు పత్రాలలో వారంవారం పంపే ఏర్పాటు అది. 2018లో ఆ కాగితాల స్థానంలో కంప్యూటరు వేదికను ప్రవేశపెట్టినప్పుడు తొలిగా ఎంపికైన ఏడు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. 2021 ఏప్రిల్‌లో దానిని దేశమంతటా విస్తరించారు. వారానికి వచ్చే సమాచారం ఇప్పుడు ఆనాడే చేరే వీలు కలిగింది.

ఇది చిన్న అభివృద్ధి కాదు. అయితే వార్త ఎంత వేగంగా చేరినా, అందులో ఏమున్నదన్నదే ముఖ్యం. ‘జ్వరం’ అని మాత్రమే రాసిన పత్రం పోస్టుకార్డుమీద వచ్చినా, తెరమీద వెలిగినా అధికారికి చెప్పేది ఒక్కటే. ఆ మాట పక్కన రోగి ఏ ఊరివాడు, ఏ పని చేస్తాడు, ఇంట్లో ఇంకెవరికి వచ్చింది అన్న వివరాలు చేరాలంటే, రోగి ముందు కూర్చున్న మనిషికి అడిగే తీరిక, అడగాలన్న శ్రద్ధ ఉండాలి. ఆ తీరిక కల్పించడానికి తగినంతమంది వైద్యులు, నర్సులు కావాలి. వారికి చేతి తొడుగులు, ముఖానికి మాస్కులు, అనుమానం ఉన్న రోగిని వేరుగా ఉంచడానికి ఒక గది కావాలి. వారు పంపిన కబురుకు జవాబు రావాలి. వీటిని వైద్య సదుపాయాల పద్దు కింద వేరుగా, నిఘా పద్దు కింద వేరుగా లెక్కవేసినంతకాలం రెండూ అసంపూర్తిగానే ఉంటాయి.

పేరాంబ్ర యువకుడు ఆసుపత్రిలో ఉన్న రోజులలో అతనిని చూసినవారికి ఆ జబ్బు గురించి అనుమానించడానికి కారణం కనబడలేదు. అందుకు ఎవరినీ తప్పు పట్టలేము. కాని అతని సోదరుడు వచ్చిన నాడు ఒక వైద్యుడు ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఖరీదు లేదు. అది పన్నెండు రోజుల ముందు పుట్టి ఉంటే ఆ నర్సు బతికి ఉండేదేమో.