గోడకు బొక్క, మంటకు దోవ



మా తాండాలో ఒక కొట్టం అంటుకుంటే పెద్దోళ్ళు మొదట పక్క కొట్టం మీది బోద పీకేస్తారు. మధ్యలో కాలేది లేకపోతే మంట దాటదు. పెద్ద కట్టడాల్లో ఆ పని గోడలు చేస్తాయి. ఒక గదిలో మంట లేస్తే ఇటుక గోడ దాన్ని చాలాసేపు ఆపుతుంది. ఆలోపల మనం బయటపడొచ్చు.

కానీ కరెంటు వైర్ల కోసం గోడకు బొక్క కొట్టి ప్లాస్టిక్ పైపు పెడతారు. దీన్నే కాండూట్ అంటారు. నీళ్ళు మరిగేంత వేడి రాకముందే ఈ పైపు మెత్తబడుతుంది. అది కాలిపోతే మిగిలేది బొక్కే. అందులోనుంచి మంట కన్నా ముందు పొగ వస్తుంది.

పొగ ఎంత చెడ్డదంటే, 2020 ఆగస్టు 20 రాత్రి మన శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచినాయి. దట్టమైన పొగ వల్ల కాపాడేవాళ్ళు లోపలికి పోవడమే కష్టమైంది. 9 మంది చనిపోయినారు.

బొక్కను దేనితో మూసినామన్నదీ ముఖ్యమే. అమెరికాలో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలో కేబుళ్ళు పోయే సందును ఫోమ్‌తో మూసినారు. 1975 మార్చి 22న గాలి దూరుతోందా అని కొవ్వొత్తి పెట్టి చూస్తే ఆ ఫోమే అంటుకుంది. సుమారు 7 గంటలు మండి, 1,600 కేబుళ్ళ దాకా పాడైనాయి.

మరి ఎట్లా మూయాలి? పైపు చుట్టూ సిమెంటుతో గట్టిగా పూడ్చాలి. ప్లాస్టిక్ పైపైతే వేడికి ఉబ్బే పట్టీ కూడా చుడతారు. పైపు కరిగేకొద్దీ అది పూరీ మాదిరి పొంగి బొక్కను మూసేస్తుంది. గోడ 2 గంటలు ఆగేదైతే మూత కూడా 2 గంటలు ఆగాలి. లేకపోతే గోడ ఉండి ఏం లాభం?

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మన పడక గదికీ మెయిన్ బోర్డు గదికీ మధ్య గోడలో వైర్ల పక్కన బొక్క ఉంది కదా. ఎలుకలు వస్తున్నాయని అందులో గోనెపట్ట కుక్కింది నేనే. అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. అవతల మంట లేస్తే ఆ గోనె అంటుకుంటుంది. ఇవతల 40 మందిమి నిద్రలో ఉంటాము.

మేడమ్ గారూ, సిమెంటు బుక్కరాయసముద్రం బజారులోనే దొరుకుతుంది. మెయిన్ ఆపించి, కరెంటు పని చేసే అన్నతో గోనె తీయించి, సరిగ్గా మూయించండి. అంతవరకు ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు. లోపల కరెంటు ఉంది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని