ఆశ్రయపురములు – హొనౌనౌ శిథిలములు

ఆశ్రయపురముల వంటి ఏర్పాటు ఇశ్రాయేలులో తప్ప మరెక్కడా లేదని బోధించడం మన సేవకులలో చాలామందికి అలవాటు. మేమును అలాగే బోధించాము. హవాయి ద్వీపపు పడమటి తీరమందున్న హొనౌనౌను దర్శించిన తరువాత ఆ మాటను సవరించుకోవలసి వచ్చింది.

హవాయి ప్రజలు తమ ప్రాచీన దేవాలయమును 'హేయౌ' అంటారు. హొనౌనౌలో సముద్రపు ఒడ్డున ఒక పాత హేయౌ రాళ్లు చెదిరి ఉన్నాయి. భూమివైపున నల్లని లావా రాళ్లతో, సున్నము లేకుండా పేర్చిన గోడ నేటికీ నిలిచి ఉంది. దాని ఎత్తు సుమారు 12 అడుగులు, మందము సుమారు 17 అడుగులు. ఆ గోడ వెనుకనున్న స్థలమే 'పుయుహొనువ', అనగా ఆశ్రయస్థలము.

ఆ దినములలో 'కపు' అనే నిషేధముల చట్టము కఠినముగా ఉండేది. స్త్రీలు పురుషులతో కలిసి భోజనము చేయరాదు. అరటిపండు, పందిమాంసము తినరాదు. కపు మీరినవానికి మరణమే శిక్ష. అయితే అతడు తప్పించుకొని, అవసరమైతే అఖాతమును ఈది, ఈ స్థలమును చేరితే ఎవరును అతనిని ముట్టరాదు. యాజకుడు శుద్ధి క్రియ జరిపిన తరువాత అతడు ఇంటికి వెళ్లవచ్చును. యుద్ధములో ఓడినవారికిని ఇక్కడ రక్షణ ఉండేది. 23 మంది అధిపతుల అస్థికలను ఉంచిన మందిరము ఈ స్థలమునకు పవిత్రతనిస్తుందని వారు నమ్మారు.

1823లో ఇక్కడికి వచ్చిన మిషనరీ విలియం ఎల్లిస్ దీనిని బైబిలులోని ఆశ్రయపురములతో పోల్చాడు. పోలిక నిజమే గాని భేదములు గమనించాలి. సంఖ్యాకాండము 35, యెహోషువ 20 అధ్యాయముల ప్రకారము ఆశ్రయము పొరపాటున నరహత్య చేసినవానికే. విచారణ తప్పదు, బుద్ధిపూర్వకముగా చంపినవానికి చోటు లేదు. నిర్దోషిగా తేలినవాడు సయితము ప్రధానయాజకుడు మరణించువరకు ఆ పురములోనే ఉండాలి. హొనౌనౌలో దోషికిని ద్వారము తెరిచే ఉండేది. ఒకచోట న్యాయము కనబడుతుంది, మరొకచోట కనికరము. ఈ రెండును కలిసేది మరణించిన మన ప్రధానయాజకునియందే అని మా విశ్వాసము.

ఈ దేవాలయములను మిషనరీలు కూలగొట్టారనడం కూడ సరికాదు. 1819లో మొదటి కమెహమెహ మరణించాక, అతని కుమారుడు లిహొలిహొ స్త్రీలతో కలిసి భోజనము చేసి కపును రద్దుపరచి, హేయౌలను పడగొట్టమని ఆజ్ఞాపించాడు. బోస్టను నుండి మిషనరీల ఓడ చేరింది 1820లో. హొనౌనౌలోని అస్థికల మందిరము మాత్రము 1829 వరకు నిలిచింది. అప్పటికే బాప్తిస్మము పొందిన రాణి కాఅహుమను ఆ అస్థికలను తీయించి మందిరమును విప్పించింది. నేడు అక్కడ కనబడేది తరువాత పునర్నిర్మించినది.

కాబట్టి ఈ శిథిలములను చూపి విజయగర్వముతో ప్రసంగించడం మనకు తగదు. మరణశిక్షకు పాత్రుడైనవాడు ప్రాణభయముతో పరుగెత్తి దేవాలయములోకి వచ్చేవాడు. మన సంఘములలో తప్పిపోయినవాడు మొదట మానేది ఆరాధనకు రావడమే. అతడు మన గుమ్మము వైపు గాక, దానికి దూరముగా ఎందుకు పరుగెత్తుతున్నాడు? సేవకులమైన మనము ముందుగా మనలను మనమే అడుగవలసిన ప్రశ్న ఇది.