తగ్గిన మీటరు, పెరిగిన ధర

సెకండ్‌ హ్యాండ్‌ కారు బేరంలో మొదట అడిగేది ఏ మోడలని, తర్వాత అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. ఆ రెండో జవాబును బట్టి ధర వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో మారుతుంది. అందుకే దాన్ని మార్చి అమ్మేవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు మీటరు విప్పి అంకెల చక్రాలను వెనక్కి తిప్పేవారు. ఇప్పుడు అంత శ్రమ లేదు. స్టీరింగ్‌ కింద సాకెట్‌కు ఓ పరికరం తగిలిస్తే, చాలా మోడళ్లలో 1,20,000 కాస్తా నిమిషాల్లో 45,000 అయిపోతుంది.

నష్టం ధరతో ఆగదు. టైమింగ్‌ బెల్టు ఎప్పుడు మార్చాలో, క్లచ్‌, సస్పెన్షన్‌ ఎప్పుడు చూపించాలో తెలిసేది కిలోమీటర్ల లెక్కతోనే. మీటరును నమ్మి పిల్లాపాపలతో హైవే ఎక్కిన కుటుంబం, ఎప్పుడో మార్చాల్సిన బెల్టుతో ప్రయాణిస్తూ ఉండొచ్చు. నడుస్తుండగా అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బండి ఉన్నచోటే ఆగిపోతుంది.

ఈ మోసం తరచూ బయటపడేది కంపెనీ సర్వీస్‌ సెంటర్లో. రిజిస్ట్రేషన్‌ నంబరు కొట్టగానే పాత సర్వీసుల చిట్టా వస్తుంది. రెండేళ్ల కిందట 98,000 దగ్గర ఆయిల్‌ మార్చిన బండి ఇవాళ 52,000 చూపిస్తుంటే ఇక చెప్పేదేముంది? అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒకటుంది: ‘‘పాత బండంటే అంతే, చూసుకుని కొనాల్సింది.’’ ఇది అన్యాయమైన మాట. కొన్నవాళ్లు పాత బండికే డబ్బిచ్చారు, నిజమే. కానీ 52,000 తిరిగిన పాత బండికి ఇచ్చారు.

పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల వాళ్లు డెలివరీ నోట్‌లో ‘కండిషన్‌ చూసుకుని తీసుకున్నాను’ అని రాయించుకుని, తర్వాత దాన్నే అడ్డుపెడతారు. ఆ సంతకం చూసి వెనక్కి తగ్గక్కర్లేదు. నిజాన్ని తెలిసీ పనిగట్టుకుని దాచడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌ ప్రకారం మోసమే. మోసపోయినవారు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని 19వ సెక్షన్‌ చెబుతోంది. బండి ఉంచుకుని, చెప్పిన మాట నిజమైతే తాము ఏ స్థితిలో ఉండేవారో ఆ స్థితికి తెమ్మనీ అడగొచ్చు. అంటే ధరలో తేడా రాబట్టుకోవచ్చు.

అమ్మింది డీలరైతే వినియోగదారుల కమిషన్‌ దారి సులువు. ‘‘మేమూ అలాగే కొన్నాం, మీటరు మేం తిప్పలేదు’’ అని వాళ్లు అనొచ్చు. తిప్పింది ఎవరో తేలకపోయినా, తప్పుడు రీడింగు చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటూ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రశ్నించవచ్చు. కారుకు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌ చాలు, 5 లక్షల లోపైతే ఫీజే లేదు. హైదరాబాద్‌లో కొన్న ఖమ్మం వాసి ఖమ్మంలోనే ఫిర్యాదు చేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్‌ ఉంది. ముందుగా సలహా కావాలంటే 1915కు ఫోన్‌ చేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్లే.

అన్నిటికన్నా ముఖ్యం సాక్ష్యం. అనుమానం రాగానే కోపంతో బండిని మెకానిక్‌ చేత విప్పించకండి. మీటరు ఫొటో తీయండి. సర్వీస్‌ చిట్టాను ముద్రతో సహా అడగండి. ఇవ్వబోమంటే, ఆ రికార్డు తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది. అమ్మకం ప్రకటన స్క్రీన్‌షాట్‌, వాట్సాప్‌ మాటలు, బ్యాంకు చెల్లింపులు భద్రం చేసుకోండి. ఆ తర్వాత స్పీడ్‌ పోస్టులో నోటీసు పంపండి. బయానా ఇంకా ఇవ్వనివాళ్లయితే రీడింగును అగ్రిమెంటులో అంకెల్లో రాయించుకోవాలి. రేపు పరిహారం అడగడానికి ఆ ఒక్క పంక్తి ఎంతో బలం.

అమ్మింది డీలరు కాకుండా సొంత బండి అమ్ముకునే వ్యక్తయితే దారి కష్టం. వినియోగదారుల చట్టం సాధారణంగా అక్కడ వర్తించదు. సివిల్‌ కోర్టుకు వెళ్లాలి. మోసం కేసు పెట్టాలంటే మీటరు సంగతి అతనికి తెలుసని చూపించాలి. పాపం, అతనూ మోసపోయి కొన్నవాడే కావచ్చు.

మీటరు మోసాలపై అమెరికాలో 1972 నుంచే ఫెడరల్‌ చట్టం ఉంది. మోసగించాలనే మీటరు మార్చారని రుజువైతే అసలు నష్టానికి మూడు రెట్లు లేదా 10,000 డాలర్లు, ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. అక్కడ చదువుకోవడానికి వెళ్లి పాత కారు కొనుక్కునే మన పిల్లలకూ ఆ రక్షణ వర్తిస్తుంది. బెల్జియంలో 2006 నుంచి కిలోమీటర్ల ధ్రువపత్రం లేనిదే పాత కారు అమ్మకూడదు. మన దగ్గర 2023 ఏప్రిల్‌ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు అనుమతి పత్రం, తమ దగ్గరున్న బండి ఎంత తిరిగిందో రాసే ఎలక్ట్రానిక్‌ రిజిస్టరు తప్పనిసరి చేశారు. మంచి మొదలే. కానీ డీలరు చేతికి రాకముందు బండి తిరిగిన తిరుగుడు అందులో ఉండదు. ప్రతి కాలుష్య పరీక్ష, ప్రతి ఇన్సూరెన్స్‌ రెన్యువల్‌ దగ్గర రీడింగును వాహన రిజిస్ట్రేషన్ల డేటాబేస్‌ ‘వాహన్‌’లో ఎక్కించి, కొనేవాళ్లు చూసుకునే వీలు కల్పించాలి. ఇందుకు రవాణా శాఖ కొత్త ఆఫీసులు తెరవక్కర్లేదు, ఇప్పుడున్న ఫారాల్లో ఒక గడి చేర్చి దాన్ని తప్పనిసరి చేస్తే చాలు.