నెలలో తగ్గితే... నిలుస్తుందా?

పోలవరం నుంచి రాజమండ్రి కోచింగ్‌కు బస్సెక్కే కుర్రాళ్ల దగ్గర కూర్చుంటే ఈ మాట వినిపిస్తుంది: 'ఫిజికల్ టెస్టుకు నెలే టైముంది. రాత్రి అన్నం మానేశా. పగలు జ్యూసే.' మీ ఆలోచనా అదేనా? అయితే కడుపు మాడ్చుకునే ముందు ఇది చదవండి.

మొదటి వారంలో మూడు కిలోలు తగ్గాయని సంబరపడతాం. అందులో ఎక్కువ భాగం నీరే. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంటే, దాన్ని పట్టుకుని ఉన్న నీరూ పోతుంది. తర్వాత కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. 1600 మీటర్లు పరిగెత్తాల్సింది ఆ కండతోనే కదా!

కొవ్వు ముందు, కండ వెనక

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు అరకడుపు తిండే పెట్టారు. బరువు దాదాపు పావువంతు తగ్గింది. మళ్లీ కడుపునిండా తినడం మొదలెట్టాక కొవ్వు త్వరగా చేరింది, కండ వెనకబడింది. చివరిదాకా పరిశీలించినవారిలో కొవ్వు మొదటికంటే ఎక్కువైంది.

ఎందుకిలా? రబీలో గోదావరిలో నీళ్లు తగ్గితే డెల్టా కాలువలకు వంతులవారీగా వదులుతారు కదా. తిండి తగ్గితే శరీరమూ అంతే, ఖర్చు తగ్గించుకుంటుంది. అమెరికన్ టీవీ షో 'ది బిగ్గెస్ట్ లూజర్'లో పోటీపడిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రచురించారు. తగ్గిన బరువులో చాలావరకు తిరిగొచ్చింది. అయినా వాళ్ల శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, ఉండాల్సినదానికంటే రోజుకు 500 కేలరీల దాకా తక్కువే ఉంది.

కొలెస్ట్రాల్ మాటేంటి?

బరువు బాగా వేగంగా తగ్గేటప్పుడు కొవ్వు కణాల్లోని కొలెస్ట్రాల్ బయటికొస్తుంది. కొందరిలో చెడు కొలెస్ట్రాల్ కొన్నాళ్లు పెరుగుతుంది కూడా. పిత్తాశయంలో రాళ్ల ముప్పూ ఎక్కువవుతుంది. బరువు తిరిగొస్తే, డైటింగ్‌తో తగ్గిన ట్రైగ్లిజరైడ్లూ మళ్లీ పైకెళ్తాయి.

'గుండెజబ్బు సిటీవాళ్లది' అనుకోవద్దు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది.

మరేం చేయాలి?

* హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది: వారానికి అరకిలో తగ్గడం సురక్షితం. తిండి రోజుకు 1000 కేలరీల కంటే తగ్గకూడదు.
* పళ్లెంలో అన్నం తగ్గించండి. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెంచండి. భోజనం మాత్రం మానొద్దు.
* పరుగుతో పాటు వారానికి రెండు మూడు రోజులు దండీలు, బస్కీలు తీయండి. కండ నిలబడుతుంది.
* కాటాతో పాటు టేపూ వాడండి. నడుము కొలత అబ్బాయిలకు 90, అమ్మాయిలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.
* షుగర్, థైరాయిడ్ లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి.

వారానికి అరకిలో అంటే నెలకు రెండు కిలోలే. కానీ ఆర్నెల్లకు 12! అందుకే నోటిఫికేషన్ కోసం చూడకండి. సిలబస్ మొదలెట్టిన రోజే ఇదీ మొదలెట్టండి.